బంజారాహిల్స్ బంజారాలకు బండి ఎందుకు లేదు?

ఈ రోజు ఎపిసోడ్ బండి గురించి. బైక్ కాదండి, గుర్రం లాగే జిప్సీ బండి. ఫోన్‌లో వెతికితే వచ్చే బొమ్మ మీకు తెలిసే ఉంటుంది: గుండ్రటి పైకప్పు, ఎరుపూ ఆకుపచ్చా రంగులు, చెక్క మీద బంగారు పూత, ముందు చిన్న మెట్లు. సినిమాలో సంచార జాతి అనగానే చాలామందికి ఆ లుక్కే గుర్తొస్తుంది. ఇప్పుడు నేను కూర్చున్నది ఫిల్మ్‌నగర్‌లో. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటి కాస్త ముందుకెళ్తే బంజారాహిల్స్. పేరులోనే బంజారాలున్నారు. మరి వాళ్ల బండ్లు ఏవి?

వాళ్ల వ్యాపారం నడిచింది చక్రం మీద కాదు, ఎద్దు వీపు మీద.

1600ల మధ్యలో తావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి గోల్కొండకొచ్చాడు. గోల్కొండ నుంచి మచిలీపట్నం దారిలో కొండలు, చెరువులు, వాగులు, ఇరుకు కనుమలు ఉన్నాయనీ, బండ్లు నడవవనీ రాసుకున్నాడు. ఒక చిన్న బండి తీసుకెళ్లి, చెడ్డ చోటు వచ్చినప్పుడల్లా దాన్ని విప్పి, దాటించి, మళ్లీ బిగించుకున్నాడట! గోల్కొండ నుంచి కన్యాకుమారి దాకా సరుకు మోసేది ఎద్దులూ గుర్రాలే అన్నాడు. కోడింగ్ రోజుల్లో మేం డిపెండెన్సీ అనేవాళ్లం, అలాగే బండికి రోడ్డు ఒక డిపెండెన్సీ. అది లేకపోతే ఎంత అందంగా చెక్కినా బండి కదలదు.

అదే తావెర్నియే పది పన్నెండు వేల ఎద్దుల గుంపులు చూశాడు. బియ్యం, ధాన్యం, పప్పులు, ఉప్పు. ఒక్కో తెగ ఒక్కో సరుకే మోసేది. పెళ్లాం పిల్లలతో, గుడారాలతో ఊరంతా నడుస్తున్నట్టే. ఇరుకు దారిలో ఇలాంటి గుంపు ఎదురైతే బండ్లవాళ్లు రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదట. మనం చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర పది నిమిషాలకే హారన్ కొడతాం.

కాబట్టి మన బంజారాల పనితనం చెక్కలో వెతికితే దొరకదు, బట్టలో వెతకాలి. ఎద్దుకి రెండు పక్కలా వేలాడే గోనె సంచులు, కొమ్ములకి కుట్టిన తొడుగులు, నుదుటి మీద అద్దాల బట్ట, మెడలో గంటలు. అన్నిటికంటే ముందు నడిచే ఎద్దుకి గవ్వలతో స్పెషల్ అలంకారం. ఇప్పుడు లంబాడీ ఎంబ్రాయిడరీ అని బొటిక్‌లలో అమ్ముతారే, ఆ చేతిపని ఒకప్పుడు ఎద్దుకి కూడా అందం.

మరి ఆ రంగుల బండి ఎక్కడిది? ఇంగ్లండ్‌ది. అక్కడి రోమానీ జిప్సీలు కూడా చాలాకాలం గాడిదల మీద, గుర్రాల మీద సామాను వేసుకుని గుడారాల్లోనే బతికారు. కంకర రోడ్లు బాగుపడ్డాక, 1800ల మధ్య నుంచే ఇంటి బండి వచ్చింది. దాన్ని వర్దో అంటారు. ఎక్కువగా జిప్సీలు ఆర్డరిస్తే ఊళ్లో బండ్లు చేసే వడ్రంగులు కట్టేవాళ్లు. నెలల తరబడి పని. చక్రం బొడ్డుకి ఎల్మ్ కర్ర, ఆకులకి ఓక్, చుట్టూ అంచుకి యాష్. చెక్కల మీద వంపులు చెక్కింది అందానికే కాదు, బరువు తగ్గించడానికి కూడా. పొయ్యి లోపలికి వెళ్లగానే ఎడమ పక్కన ఉంటుంది. ఎందుకంటే బండి రోడ్డుకి ఎడమ వైపు నడుస్తుంది, పొగగొట్టం రోడ్డు మధ్య వైపు ఉంటే పక్కనున్న చెట్ల కొమ్మలకి తగలదు. నాకు భలే నచ్చిన డిజైన్ ఇది. చివర్లో ఇనప పట్టాని ఎర్రగా కాల్చి చక్రానికి తొడిగి నీళ్లు కొడతారు, అది బిగుసుకుంటుంది. మన ఎడ్లబండి చక్రానికి కమ్మరి చేసేదీ సరిగ్గా ఇదే. యజమాని చనిపోతే ఆ బండిని తగలబెట్టే ఆచారం ఉండేది.

వాట్సాప్‌లో తిరిగే ఒక మాట కూడా తేల్చేద్దాం: 'జిప్సీలంటే మన బంజారాలే.' రోమానీలో అంకెలు యెక్, దూయ్, త్రిన్. నీళ్లని పానీ అంటారు. మూలం ఇండియానే, డౌట్ లేదు. వాళ్ల పూర్వీకులు వాయవ్య భారతం నుంచి సుమారు 1,500 ఏళ్ల కిందట కదిలారని 2012లో వచ్చిన ఒక జన్యు పరిశోధన చెప్పింది. లంబాడీల గోర్‌బోలి రాజస్థానీకి దగ్గర. అంటే చుట్టాలే, కానీ దూరపు చుట్టాలు. వర్దో అనే మాటైతే ఇండియాది కాదు, ఇరాన్ వైపు భాషల నుంచి దారిలో దొరికింది.

ఇప్పుడు నన్ను ఈ ఎపిసోడ్ చేయించిన పాయింట్. అక్కడ మంచి రోడ్డు జిప్సీకి చక్రాల మీద ఇల్లిచ్చింది. ఇక్కడ మంచి రోడ్డు బంజారా అన్నం లాగేసుకుంది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కి రైలొచ్చింది, 1889 నాటికి బెజవాడ దాకా పోయింది. పది వేల ఎద్దులు మోసే సరుకుని రైలు చకచకా మోసేస్తుంటే తండాకి బేరం ఎవరిస్తారు? పైగా అంతకు మూడేళ్ల ముందే, 1871లో, బ్రిటిష్ వాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. ఇల్లు లేకుండా తిరిగేవాడంటే అనుమానం. అంతకుముందు టిప్పు మీద యుద్ధంలో ఇంగ్లిష్ సైన్యానికి ధాన్యం మోసింది కూడా ఈ బంజారాలే! సైన్యానికి తిండి మోసినప్పుడు లేని అనుమానం, ఆ అవసరం తీరాక పుట్టింది. ఆ ముద్ర చట్టప్రకారం పోవడానికి 1952 ఆగస్టు 31 దాకా ఆగాల్సి వచ్చింది.

ఈలోగా వాళ్లు తిరిగిన ఈ రాళ్ల గుట్టల మీద ఇళ్లు లేచాయి. మెహదీ నవాజ్ జంగ్ బండరాళ్లని కలుపుకుని ఇల్లు కట్టి బంజారా భవన్ అని పేరు పెట్టాడు. 1960ల్లో జూబ్లీహిల్స్ సొసైటీ, 1970ల్లో అక్కినేని నాగేశ్వరరావు గారి అన్నపూర్ణ స్టూడియోస్, తర్వాత ఫిల్మ్‌నగర్. తండాలు మాత్రం సిటీకి దూరంగా నల్గొండ, వరంగల్, మహబూబ్‌నగర్ వైపు ఉండిపోయాయి. తెలంగాణలో చాలా తండాలకి సొంత పంచాయతీ వచ్చింది 2018లో.

ఆర్ట్ డిపార్ట్‌మెంట్ ఫ్రెండ్స్ చాలామంది ఈ ఛానల్ చూస్తారు. బ్రదర్, ఈసారి బంజారా సీన్‌కి రంగుల బండి వద్దు, నలభై ఎద్దులు తెప్పించండి. ప్రొడ్యూసర్ తిడితే నా పేరు చెప్పండి. తండా వాళ్లెవరైనా చూస్తుంటే, మీ అవ్వ దగ్గర పాత ఎద్దు తొడుగు ఒక్కటైనా మిగిలిందేమో పెట్టె తెరిచి చూడండి. దొరికితే అమ్మేయకండి, ముందు ఒక ఫొటో తీసి అది ఎవరు కుట్టారో అవ్వనడిగి రాసి పెట్టుకోండి.