శ్రీకృష్ణ జన్మస్థానంలో గీత

ఫలానా ఆయన ఈ మధ్య కనిపించడం లేదేమని ఎవరైనా అడిగితే, "శ్రీకృష్ణ జన్మస్థానంలో ఉన్నాడు లెండి" అని జవాబొస్తుంది. అడిగినవాడికి మధుర గుర్తుకు రాదు, జైలు గుర్తుకొస్తుంది. అత్తారిల్లు అనే మాట కూడా ఉంది గానీ అది ఒట్టి వెటకారం. జన్మస్థానంలో వెటకారంతో పాటు పురాణమూ ఉంది. కంసుడి చెరసాలలో పుట్టిన పిల్లవాడే పెద్దవాడై, రెండు సేనల నడుమ రథం నిలిపి అర్జునుడికి గీత చెప్పాడు.

ఆ గీతకు ఇరవయ్యో శతాబ్దంలో వచ్చిన పేరున్న వ్యాఖ్యానాలు కొన్ని మళ్ళీ జైళ్ళలోనే పుట్టాయి. మాండలేలో ఒకటి, ఎరవాడలో ఒకటి, ధూళేలో ఒకటి. ఇదేదో దైవలీల అనుకోనక్కర్లేదు. ఆ రోజుల్లో రాజకీయ ఖైదీకి పత్రిక ఇవ్వరు, కరపత్రం ఇవ్వరు. భగవద్గీత అడిగితే మాత్రం జైలరు పెద్దగా అడ్డుచెప్పడు. పాపం, అది పారాయణ గ్రంథం అనుకుంటాడు.

జైలు రచనల ఈ వంశవృక్షానికి మూలపురుషుడు ఎవరంటే తెలుగువాళ్ళు తడుముకోకుండా చెప్పే పేరు రామదాసు. నేలకొండపల్లి కంచర్ల గోపన్న, గోల్కొండ కొలువులో అక్కన్న మాదన్నల మేనల్లుడు, పాల్వంచ పరగణా తహశీల్దారు. సర్కారు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించాడని అబుల్ హసన్ తానీషా ఆయన్ని కోటలో ఖైదు చేయించాడు. ఖైదు పన్నెండేళ్ళని జనశ్రుతి. తానీషా ఏలిందే 1672 నుంచి 1687 దాకా, పదిహేనేళ్ళు. లెక్క కాస్త ఇరుకుగా ఉంది గానీ కుదరకపోదు. గోల్కొండ ఎక్కినవాళ్ళకు ఇప్పటికీ రామదాసు బందీఖానా చూపిస్తారు. చీకటి గది, గోడమీద చెక్కిన దేవతా మూర్తులు. అవి ఆయన చేతి పనేనని నమ్మకం.

మూర్తుల సంగతి ఎలా ఉన్నా, కీర్తనల్లో తహశీల్దారు చేతివాటం స్పష్టంగా కనిపిస్తుంది. ఇక్ష్వాకు కులతిలకుణ్ణి పిలుస్తూ మొదలయ్యే కీర్తన మొత్తం జమాఖర్చు చిట్టాలా నడుస్తుంది. ప్రాకారానికి ఇంత పట్టింది, భరతుడి పతకానికి ఇంత, శత్రుఘ్నుడి మొలతాడుకు ఇంత, లక్ష్మణుడి ముత్యాలకు, సీతమ్మ చింతాకు పతకానికి ఇంత అని వరహాల్లో, మొహరీల్లో లెక్క అప్పజెబుతాడు. లెక్క తేలక జైలుకు వెళ్ళిన ఉద్యోగి, అదే లెక్కను పై అధికారి దగ్గర కాకుండా దేవుడి దగ్గర పెట్టాడన్నమాట. పెట్టి ఊరుకోలేదు, ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావంటూ నిలదీశాడు. తిట్టాక దెబ్బలకు ఓర్వలేక తిట్టానని క్షమాపణ కూడా చెప్పుకున్నాడు. తెలుగు భక్తి సాహిత్యంలో ఇంత నిక్కచ్చి సంభాషణ అరుదు. జైలు లేకపోతే ఆ గొంతు వచ్చేది కాదేమో. కాగితం లేదు, కలం లేదు. పాట కాబట్టి నోటికి వచ్చింది, నోటి నుంచి నోటికి బయటికి వచ్చింది. ఖైదు చేయించిన తానీషా మాత్రం ఔరంగజేబుకు పట్టుబడి, దౌలతాబాద్ కోటలో ఖైదీగానే కన్నుమూశాడు.

కలం పట్టే ఖైదీల కథకు రెండు వందల ఏళ్ళు దాటి రావాలి.

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్ర పాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యాసాలిచ్చాడు. చిలకమర్తి లక్ష్మీనరసింహం తెలుగు చేసి చెబుతుంటే జనం విరగబడి విన్నారని మన స్వాతంత్ర్యోద్యమ చరిత్ర ప్రతిదీ చెబుతుంది. ఆ ఏడాదే, అరవిందుల మీద నడిచిన వందేమాతరం పత్రిక కేసులో సాక్ష్యం చెప్పనన్నందుకు పాల్‌కు ఆరు నెలల జైలు పడింది. గోదావరి తీరంలో రాజకీయం మాట్లాడిన మనిషి బక్సర్ జైలు నుంచి దేవుడి గురించి మాట్లాడుతూ బయటికొచ్చాడు. ఏ అరవిందుల కోసం నోరు మూసుకున్నాడో ఆ అరవిందులకే మరుసటి ఏడు అదే అనుభవం.

1908 మే 2 తెల్లవారుజామున పోలీసులు అరవింద ఘోష్‌ను పట్టుకెళ్ళారు. అలీపూర్ జైలులో గది తొమ్మిదడుగుల పొడవు, అయిదారడుగుల వెడల్పు. కిటికీ లేదు, ముందు ఇనుప కమ్ములు. తరవాత 'సుప్రభాత్' అనే బెంగాలీ పత్రికలో ఆయన రాసిన 'కారాకాహిని'లో యోగం కంటే ముందు హాస్యం ఎదురవుతుంది. కంచం, గిన్నె అని ఇచ్చిన రెండు సామాన్లలో గిన్నె ఒక్కటే మొహం కడుక్కోవడానికీ, స్నానానికీ, పప్పుకూ, మంచినీళ్ళకూ, చివరికి శౌచానికీ కూడా. దానికి కులభేదం లేదని మెచ్చుకుని, ఏ శాఖలో వేసినా ఒదిగిపోయే ఇంగ్లీషు సివిలియన్ దొరతో పోలుస్తాడు. తాను ఆ ఐసీఎస్ పరీక్షకే చదివి, గుర్రపు స్వారీ దగ్గర ఆగిపోయిన మనిషి. ఆ పోలిక ఎక్కడ తగలాలో అక్కడే తగులుతుంది.

ఇంటినుంచి గీత, ఉపనిషత్తులు తెప్పించుకున్నాడు. మొదట్లో ఏకాంతం భరించలేక మనసు చెదిరిపోతుందేమోనని భయపడ్డాడు. దాన్నీ దాచలేదు. పుస్తకంలో చదివింది క్రమంగా కళ్ళెదుట కనిపించడం మొదలైంది. గోడలో, చెట్టులో, దొంగల్లో, కోర్టులో కూర్చున్న మేజిస్ట్రేటులో వాసుదేవుడే కనిపించాడని 1909 మే 30న ఉత్తరపారా సభలో చెప్పాడు. విడుదలై అప్పటికి నెల కూడా కాలేదు. 'కారాకాహిని' మాత్రం పూర్తి కాలేదు. 1910లో ఆయన చందర్‌నగర్ మీదుగా పుదుచ్చేరి చేరిపోయాడు.

అరవిందులు అలీపూర్‌లో ఉండగానే బొంబాయి హైకోర్టులో 1908 జులై 22న మరో తీర్పు వెలువడింది. 'కేసరి' వ్యాసాలు రాజద్రోహమని బాలగంగాధర తిలక్‌కు ఆరేళ్ళ ద్వీపాంతరవాసం. తీర్పు వినగానే బొంబాయి మిల్లు కార్మికులు ఆరు రోజులు పని మానేశారు. తిలక్‌కు యాభై రెండేళ్ళు, మధుమేహం. సెప్టెంబరులో బర్మాలోని మాండలే జైలుకు చేర్చారు. చెక్కలతో కట్టిన మేడగది, ఎండకూ దుమ్ముకూ చలికీ అడ్డం లేని పంజరం. వంట చేసిపెట్టడానికి మరో ఖైదీ. రాజకీయ వాసన లేని పుస్తకాలకు అనుమతి దొరికింది, అవి నెమ్మదిగా నాలుగు వందల దాకా చేరాయి. ఒక పక్క పాళీ, జర్మన్, ఫ్రెంచి నేర్చుకుంటూనే ఉన్నాడు. మనిషికి జైలు కొత్త కాదు. 1897లో మొదటిసారి వెళ్ళినప్పుడు మాక్స్ ముల్లర్ తన ఋగ్వేద ముద్రణ ప్రతి పంపించాడు, విడుదలకు సిఫారసూ చేశాడు.

ఇక రాత సరంజామా సంగతి. సిరా ఇవ్వరు, పెన్సిలే. విడి కాగితాలు ఇవ్వరు, కుట్టిన పుస్తకాలే. ప్రతి పేజీకీ జైలువాళ్ళు ముందే అంకె వేసి ఇస్తారు, ఒక్క కాగితం చింపి బయటికి పంపినా తెలిసిపోవాలని. కొట్టివేతలకూ మార్పులకూ చోటు తక్కువ కాబట్టి, కాగితం మీద పెట్టేముందే వాక్యం తలలో తయారవ్వాలి. 1910-11 చలికాలంలో, కొన్ని నెలల్లోనే, తిలక్ ఆ అంకెల పేజీల్లో మరాఠీలో 'గీతారహస్యం' రాసేశాడు. 'కర్మయోగశాస్త్రం' అని రెండో పేరు.

నిజానికి రాయడానికి నెలలు పట్టింది గానీ ఆలోచన మొదలై నలభై ఏళ్ళు కావస్తోంది. 1872లో తండ్రి మరణశయ్య మీద ఉన్నప్పుడు పదహారేళ్ళ తిలక్ పక్కన కూర్చుని గీతకు మరాఠీ వ్యాఖ్య చదివి వినిపించాడు. అప్పుడొక అనుమానం పట్టుకుంది. యుద్ధం చేయనని చతికిలబడ్డవాణ్ణి లేపి యుద్ధం చేయించడానికి చెప్పిన మాటలు కదా ఇవి, మరి వ్యాఖ్యాతలంతా సన్న్యాసం, జ్ఞానం, భక్తి అంటూ చెబుతారేమిటి? శంకరాచార్యుల వంటి వారితో విభేదించడం చిన్న మాట కాదు. పూనాలో పత్రిక నడుపుతూ, తాఖీదులకు జవాబులు రాస్తూ ఉంటే ఆ పని జరిగేది కాదు. సర్కారువారు మాండలేలో తీరిక కల్పించారు. జ్ఞానం కలిగాక కూడా మనిషి పని మానకూడదు, ఫలం మీద ఆశ మాత్రమే మానాలి, గీతా సారం అదేనని వందల పేజీల్లో వాదించాడు. పాశ్చాత్య నీతిశాస్త్రజ్ఞులను కూడా పక్కన కూర్చోబెట్టుకుని మరీ వాదించాడు. చదువుతుంటే భక్తి గ్రంథంలా ఉండదు, ప్లీడరు వాదనలా ఉంటుంది. తిలక్ లా చదివినవాడు మరి. 1912లో భార్య సత్యభామ పోయినట్టు ఆ గదిలోనే కబురందింది.

1914 జూన్‌లో వదిలిపెట్టారు. రాతపుస్తకాలను మాత్రం పరిశీలించాలని సర్కారు అట్టే పెట్టుకుంది. స్నేహితులు గాభరా పడితే, ఇవ్వకపోతే మళ్ళీ రాస్తాను, అంతా తలలోనే ఉందని తిలక్ అన్నట్టు చెప్పుకుంటారు. ఆ అవసరం రాలేదు. పుస్తకాలు తిరిగొచ్చాయి, 1915లో 'గీతారహస్యం' అచ్చయింది. పని మానవద్దని చెప్పే ఆ పుస్తకంలో పేరు పెట్టి రాజకీయం లేదు. అందుకే తిరిగొచ్చింది. అది చదివి ఎంతమంది ఏయే పనులకు పూనుకున్నారో అంకె వేసి లెక్కపెట్టే ఏర్పాటు సర్కారు దగ్గర లేకపోయింది.

జైలు నియమాన్ని గాంధీజీ మరోలా వాడుకున్నాడు. 1930లో ఎరవాడ నుంచి ఆశ్రమానికి ఉత్తరాలు రాస్తూ, పైన చిరునామాగా 'ఎరవాడ మందిరం' అని పెట్టేవాడు. సత్యం, అహింస, అస్తేయం అంటూ వ్రతాల మీద వారానికొకటి. మంగళవారం ప్రార్థన వేళ రాసినవి కాబట్టి 'మంగళ ప్రభాతం' అన్నారు. స్వదేశీ వంతు వచ్చేసరికి ఆగిపోయాడు. అది రాస్తే రాజకీయంలోకి జారిపోతాం, ఖైదీగా ఇచ్చిన మాట తప్పినట్టవుతుందని, ఆ ఒక్కటీ బయటికి వచ్చాకే రాశాడు. తన గీతానువాదం కొరుకుడు పడలేదని ఆశ్రమవాసులు మొరపెట్టుకుంటే, అధ్యాయానికొక ఉత్తరం చొప్పున గీతాబోధ కూడా అక్కణ్ణుంచే సాగింది.

ఇక ధూళే. ఖాందేశ్‌లోని ఈ జైలులో తయారైన పుస్తకాన్ని దాని కర్త అసలు రాయనేలేదు. 1932లో వినోబా భావే అక్కడ ఖైదీ. ఫిబ్రవరి 21 ఆదివారం నాడు తోటి ఖైదీలకు గీత మొదటి అధ్యాయం చెప్పాడు. మళ్ళీ ఆదివారం రెండోది. పద్ధెనిమిది ఆదివారాలు, పద్ధెనిమిది అధ్యాయాలు, జూన్ 19తో ఆఖరు. తిలక్ పుస్తకంలోని పాండిత్యం ఇందులో వెతకనక్కర్లేదు. వింటున్నవాళ్ళు శాస్త్రులు కారు, ఉప్పు సత్యాగ్రహం దగ్గర్నుంచి జైళ్ళకు అలవాటుపడ్డ కార్యకర్తలు. వంటిల్లు, పొలం, తల్లీబిడ్డలు, ఆవూదూడా, ఇవే ఉపమానాలు.

వినోబాకు గీతతో చుట్టరికం తల్లి రుక్మిణి వల్ల వచ్చింది. సంస్కృతం అర్థం కాక, మరాఠీలో గీత కావాలని కొడుకును అడిగిందట. ఆమె 1918లో పోయింది. తరవాత ఎన్నో ఏళ్ళకు శ్లోకానికి శ్లోకంగా మరాఠీలో రాసి 'గీతాయి' అని పేరు పెట్టాడు. ఆయి అంటే అమ్మ.

ధూళేలో ఆ ఆదివారం మాటలను కూర్చుని రాసుకున్నవాడు తోటి ఖైదీ సానే గురూజీ. ఆయన లేకపోతే ఆ పద్ధెనిమిది ఉపన్యాసాలు గాలిలో కలిసిపోయేవి. అవే 'గీతా ప్రవచనాలు'గా అచ్చయి తెలుగుతో సహా మన భాషలన్నిటిలోకీ వెళ్ళాయి. రాసుకున్నవాడి చేయి ఊరికే ఉండలేదు. మరుసటి ఏడాది నాసిక్ జైలులో, నాలుగైదు రోజుల్లో, తన తల్లి కథను 'శ్యామ్‌చీ ఆయి' పేరుతో రాశాడు. మహారాష్ట్రలో అది చదవని ఇల్లు ఉండదంటారు. ఆ కథ చదువుతుంటే, ధూళే ఆదివారాలు ఆ చేతికి అంటుకునే ఉన్నాయనిపిస్తుంది.

తెలుగువాళ్ళకు ఇలాంటి జైలు రాయవేలూరు. పల్నాటి అటవీ ఉద్యమంలో శిక్షపడిన ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో 'మాలపల్లి' నవల అక్కడే రాశాడు. కథకు పెద్దదిక్కు రామదాసు అనే మాల రైతు, వేదాంతం వంటబట్టిన వైష్ణవ భక్తుడు. గోల్కొండ ఖైదీ పేరు రెండున్నర శతాబ్దాల తరవాత మరో ఖైదీ కలంలోకి వచ్చింది. ఇందులో వేదాంతం పక్కనే కూలి, కులం, భూమి ఉన్నాయి. జైలు దాటి వచ్చినా సర్కారు ఊరుకోలేదు, నవలను నిషేధించింది.

క్విట్ ఇండియా రోజుల్లో వినోబాను కూడా రాయవేలూరుకే పంపారు. వెళ్ళీ వెళ్ళగానే తమిళం, తెలుగు, కన్నడం, మలయాళం నాలుగూ ఒక్కసారే మొదలుపెట్టాడు. ఒకేసారి నాలుగెందుకయ్యా అంటే, అయిదోది లేదు గనక అన్నాడట.

1951 ఏప్రిల్‌లో ఆయన హైదరాబాద్ దగ్గర శివరాంపల్లి సర్వోదయ సమావేశానికి వచ్చాడు. తెలంగాణ ఊళ్ళలో అప్పటికింకా తుపాకుల చప్పుడు ఆగలేదు. ఊళ్ళలోకి నడిచి వెళ్ళేముందు ఆయన హైదరాబాద్ జైలుకు వెళ్ళి, అక్కడ ఖైదులో ఉన్న కమ్యూనిస్టులతో మాట్లాడాడు. ఆ రోజు శ్రీరామనవమి, భద్రాచలంలో కల్యాణం. మూడు రోజుల తరవాత, ఏప్రిల్ 18న, పోచంపల్లిలో దళితులు ఆయన ముందుకొచ్చి తమకు ఎనభై ఎకరాలు కావాలన్నారు. నలభై తరి, నలభై మెట్ట. ఆ ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇస్తానన్నాడు.