భోగి పిడక పుట్టుపూర్వోత్తరాలు

ధనుర్మాసం మొదలై నెలగంట పెట్టిన రోజు నుంచి ఆవుపేడకు గిరాకీ మొదలవుతుంది. పొద్దున్నే కల్లాపి చల్లి ముగ్గేస్తారు. ముగ్గు నడుమ గొబ్బెమ్మను నిలిపి, నెత్తిన గుమ్మడిపువ్వో బంతిపువ్వో గుచ్చుతారు. మర్నాటికి ఆ గొబ్బెమ్మే పిడకవుతుంది. భోగి కోసం చేసే చిన్న పిడకలకు గారెలా నడిమధ్య చిల్లి పెట్టి ఎండబెడతారు. వాటిని దండ గుచ్చి, పండగనాటి తెల్లవారుజామున పిల్లల చేత మంటలో వేయిస్తారు. మిగిలిన గొబ్బి పిడకలు రథసప్తమికి పాలు పొంగించడానికి పనికొస్తాయి.

ఈ ఆచారం ఎప్పటిది? 15వ శతాబ్దపు అన్నమయ్య సంకీర్తనల్లోనే గొబ్బి పాటలున్నాయి. పేడను తగలబెట్టడం మాత్రం అంతకంటే చాలా పాతది. ఒంగోలు సీమలోని దొనకొండ మీదుగా వెళ్లే రైలుపట్టా వెంట పడమరగా నంద్యాల, గుంతకల్లు దాటి పోతే బళ్లారి వస్తుంది. ఆ చుట్టుపక్కలా, అనంతపురం, పాలమూరు ప్రాంతాల్లోనూ దానికి సాక్ష్యంగా బూడిద దిబ్బలు ఉన్నాయి. బళ్లారి పక్కన కుడతిని దగ్గరున్న దిబ్బ భీముడి చేతిలో చచ్చిన హిడింబాసురుడి చితి అని జనం చెప్పుకునేవారు. అది కాలిన పేడేనని 19వ శతాబ్దంలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఊహించాడు. 1960లో శాస్త్రవేత్త జాయ్‌నర్ చేసిన పరీక్షలు ఆ ఊహను బలపరిచాయి.

అసలు సంగతి ఉట్నూరులో బయటపడింది. ఇది ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, పాలమూరు వైపుది. 1957లో పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ అక్కడ తవ్వితే కొత్త రాతియుగపు పశువుల దొడ్డి కనిపించింది. కంచె గుంజలు పాతిన గుంతలు, బూడిదలో అచ్చుపడిన పశువుల గిట్టల జాడలు దొరికాయి. దొడ్డిలో పేరుకున్న పేడను నాలుగు వేల ఏళ్ల కిందటి ఆ కాపరులు మళ్లీ మళ్లీ తగలబెట్టారు. రుతువు మారే వేళ కావాలనే అలా చేసి ఉంటారనీ, సంక్రాంతి, హోలీ మంటల్లో ఆ వాసన ఇంకా మిగిలి ఉండవచ్చనీ ఆల్చిన్ 1963 నాటి పుస్తకంలో రాశాడు. ఇది రుజువైన వంశవృక్షం కాదు, ఊహే. అయినా పశువే ఆస్తిగా బతికిన ఒంగోలు గిత్తల సీమకు ఈ ఊహ పరాయిగా అనిపించదు.

పిడకకు తోడు మంటలో పడేవి కూడా ఇంటివీ పొలానివే. విరిగిన కాడిమాను, చిరిగిన చాప, తాటాకు, కందికట్టె ఇందులోకి వస్తాయి. దొనకొండ, మార్కాపురం మెట్ట పొలాల్లో కంది కోతలు పండగ అటూఇటూగానే ఉంటాయి కాబట్టి కట్టెకు కరువుండదు. అమెరికా ఖండం నుంచి వచ్చి బీళ్లను కమ్మేసిన సర్కారు తుమ్మ ఎలాగూ ఉంది. మంట మీద కాగిన నీళ్లతో తలంటు పోసుకునేవాళ్లు. బూడిదతో అంట్లు తోమేవాళ్లు, పురుగు పట్టకుండా బీర, సొర పాదుల మీద చల్లేవాళ్లు.

తర్వాత ఇంట్లోని పాత సామాను మారిపోయింది. చాప స్థానంలో ప్లాస్టిక్ వచ్చింది, కాడిమాను స్థానంలో ట్రాక్టర్ టైరు వచ్చింది. పాతవి కాల్చాలన్న మాట మాత్రం మారలేదు. పీవీసీ కాలితే డయాక్సిన్లు, టైరు కాలితే గంధకపు వాయువులు వస్తాయి. చలికాలం తెల్లవారుజామున చల్లగాలి నేలకు అంటుకుని ఉంటుంది కనుక పొగ పైకి పోదు. చెన్నైలో 2018 భోగి నాడు పొగా మంచూ కలిసి విమానాల రాకపోకలకే అడ్డుపడ్డాయి. వీధుల్లో చెత్త కాల్చకూడదని 2016 ఘనవ్యర్థాల నిబంధనలు చెప్పాయి.

దొడ్లు ఖాళీ అయ్యాక పిడకలు ఆన్‌లైన్‌లో, ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని వస్తున్నాయి. పిడక పొగ గాలిని శుద్ధి చేస్తుందన్న ప్రచారం కూడా వాటి వెంటే వస్తోంది. అది నిజం కాదు. పిడక పొగలోనూ ఊపిరితిత్తుల్లోకి దిగే సన్నని నుసి ఉంటుంది. అందుకే ఇంటికో మంట కాక వీధికొకటి, అదీ చిన్నది వేసుకోవడం మేలు. ఉబ్బసం ఉన్నవాళ్లు, పసిపిల్లలు దూరంగా ఉండాలి.

భోగి నాడు పిడకకు దక్కే గౌరవం పవిత్రత వల్ల మాత్రమే రాలేదు. అది కాలాక మిగిలింది మళ్లీ మట్టికి పనికొచ్చింది. భోగి మంటలో ఏం వేయవచ్చో తేల్చుకోవడానికి వేరే నిబంధనల పుస్తకం అక్కర్లేదు. ఒక వస్తువు కాలిన బూడిదను మన పెరట్లోని బీరపాదుకు వేయగలిగితే దాన్ని మంటలో వేయవచ్చు. వేయడానికి చెయ్యి రాకపోతే ఆ వస్తువు మంటలోకి పోకూడదు.