వాణిజ్య లోటు

ఒక దేశపు దిగుమతుల విలువ దాని ఎగుమతుల విలువను మించినపుడు ఆ తేడాను వాణిజ్య లోటు అంటారు. ఎగుమతులు మించితే అది వాణిజ్య మిగులు. లోటు అనగానే నష్టమని తోచుట సహజము, కాని ఈ రెండూ ఒకటి కావు. కొన్న సరుకు దేశములోనికి వచ్చినది. ఏమి కొన్నాము, వెల ఎట్లు చెల్లించాము అన్నవే ముఖ్యము.

విదేశాలతో మిగులు సాధించి బంగారము కూడబెట్టుటయే సంపద అని ఒకప్పటి ఐరోపా వర్తకవాదులు నమ్మేవారు. ఆడం స్మిత్ 1776లో ఈ వాదాన్ని ఖండించాడు.

== చెల్లింపు మార్గాలు ==
సరుకుల లోటును సేవల ఎగుమతులతోను, విదేశాలలోని స్వదేశీయులు పంపే సొమ్ముతోను పూడ్చవచ్చును. వీటినన్నిటిని కలిపి లెక్కించేదే కరెంటు ఖాతా. అందులోను లోటు మిగిలితే విదేశీ పెట్టుబడులో, అప్పులో, విదేశీ మారక నిల్వలో ఆధారము. హైదరాబాదు సాఫ్ట్‌వేర్ ఎగుమతులు, గల్ఫ్ దేశాలకు వెళ్ళిన కరీంనగర్, కడప జిల్లాల కార్మికులు ఇంటికి పంపే డబ్బు ఈ ఖాతాలో జమ వైపున చేరుతాయి.

== 1991 సంక్షోభము ==
1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించగా చమురు ధర పెరిగినది. గల్ఫ్ నుండి వచ్చే సొమ్ము తగ్గినది. అప్పటికే స్వల్పకాలిక అప్పులపై ఆధారపడిన భారతదేశానికి కొత్త అప్పు పుట్టలేదు. 1991 మధ్యనాటికి నిల్వలు కొద్ది వారాల దిగుమతులకు మాత్రమే సరిపోయే స్థితి వచ్చినది. జూలైలో రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారాన్ని లండనుకు పంపి తాకట్టు పెట్టినది. అదే నెలలో పి.వి.నరసింహారావు ప్రభుత్వము రూపాయి విలువను రెండు విడతలుగా తగ్గించినది. ఇక్కడ ప్రమాదము తెచ్చినది లోటు ఒక్కటే కాదు, దానిని స్వల్పకాలిక అప్పుతో నెట్టుకురావడము.

== తరువాతి అనుభవము ==
తరువాతి దశాబ్దాలలో సరుకుల లోటు 1991 నాటికంటె ఎన్నోరెట్లు పెరిగినా బంగారము మరల తాకట్టు పెట్టవలసిన అవసరము రాలేదు. అయినను 2012-13లో కరెంటు ఖాతా లోటు స్థూల దేశీయోత్పత్తిలో 4.8 శాతానికి చేరినది. చమురుతో పాటు బంగారపు దిగుమతులు అందుకు ముఖ్య కారణము. యంత్రము కొంటే రేపటి ఉత్పత్తి పెరుగును, బీరువాలోని నగ వలన పెరగదు. 2013 ఆగస్టులో బంగారముపై సుంకాన్ని 10 శాతానికి పెంచారు.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ 2020-21. ఆ సంవత్సరము భారతదేశానికి కరెంటు ఖాతాలో మిగులే వచ్చినది. కోవిడ్ వలన పనులు ఆగి, కొనేవారు తగ్గి, దిగుమతులు పడిపోవడమే అందుకు ప్రధాన కారణము. ఆ ఏడు దేశ ఉత్పత్తి కూడా తగ్గినది.