పెట్టె మూత తీస్తే కొలత మారింది

సముద్రం అడుగున టెలిగ్రాఫ్ కేబుల్ పరుస్తున్నంతసేపూ దాన్ని పరీక్షిస్తూనే ఉండాలి. అందుకు కరెంటును గట్టిగా అడ్డుకునే వస్తువు కావాలి. టెలిగ్రాఫ్ కన్‌స్ట్రక్షన్ అండ్ మెయింటెనెన్స్ కంపెనీలో ప్రధాన ఎలక్ట్రీషియన్ విలోబీ స్మిత్ సెలీనియం కడ్డీలు ఎంచుకున్నాడు. అగ్గిపుల్లకన్నా సన్నం. రెండు కొసలకూ ప్లాటినం తీగలు, పైన గాజు గొట్టం.

లెక్క కుదరలేదు. అదే కడ్డీ, కొలిచినప్పుడల్లా వేరే అంకె!

కడ్డీలను జరుపుడు మూత ఉన్న పెట్టెలో పెట్టించాడు. మూత వేస్తే నిరోధం ఎక్కువగా, నిలకడగా ఉంది. తీస్తే పడిపోయింది. వేడి వల్లా, వెలుతురు వల్లా? కడ్డీని నీళ్లలో ముంచి, పైన తొమ్మిది అంగుళాల ఎత్తున మెగ్నీషియం రిబ్బను వెలిగించాడు. భగ్గున తెల్లటి వెలుగు. నిరోధం మూడింట రెండు వంతులకు పైగా దిగింది. మంట ఆరగానే మళ్లీ యథాస్థితి. మధ్యలో నీళ్లున్నాయి కాబట్టి కారణం వేడి కాదు, వెలుతురే. 1873 ఫిబ్రవరి 4న ఆయన రాసిన ఉత్తరం అదే నెల 20న 'నేచర్'లో అచ్చయింది. లెక్క కుదరని కడ్డీని అవతల పారేయకపోవడమే ఆయన గొప్ప!

సెలీనియం స్థానంలో ఇప్పుడు కాడ్మియం సల్ఫైడ్ బిళ్ల వచ్చింది. పేరు ఎల్‌డీఆర్, ఖరీదు చిల్లర డబ్బులే. దువ్వూరులో మీ వసారా గోడ మీది కరెంటు మీటరు చూడండి, ఎర్రదీపం మిణుకుతుంటుంది. పక్కన 3200 అని ఉంటే అన్ని మిణుకులకు ఒక యూనిట్. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె పెడితే సుమారు సెకనుకో మిణుకు, వంద వాట్లకైతే 11 సెకన్లకోటి. దీపం మీద ఎల్‌డీఆర్ అంటించి చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుకు కలిపితే, అది లెక్కపెట్టి ఫోనుకు పంపుతుంది. ఇంటిల్లిపాదీ మైదుకూరు పెళ్లికి పోయినా గీజరు ఆపారో లేదో తెలుస్తుంది. వాషింగ్ మెషీనుకైనా, ఇన్వర్టరుకైనా పైన ఓ దీపముంటే చాలు. ఒక్క తీగా తెంచక్కర్లేదు. నాకు నచ్చింది అదే.

నల్ల టేపు బిగుతుగా వేయాలి సుమా. సందులోంచి కడప ఎండ దూరితే దొంగ లెక్కలే. బిల్లు తీసేవారికి మీటరు తెర కనబడనివ్వండి. సీలు జోలికి మాత్రం వెళ్లకండి, 2003 విద్యుత్ చట్టం ప్రకారం అది నేరం.