కుర్చీ ఎవరికి?



నాంపల్లి స్టేషన్‌లో రైలు దిగి కాస్త దూరం వెళ్తే అబిడ్స్ వస్తుంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర కొలువు చేసిన ఆల్బర్ట్ ఆబిద్ అక్కడ విదేశీ సరుకుల దుకాణం నడిపాడు. ఆ పేరే పేటకు నిలిచింది. 19వ శతాబ్దంలో కట్టిన సెయింట్ జార్జ్ చర్చి కూడా అక్కడే ఉంది. ఆంగ్లేయులు ఆరాధనతో పాటు కుర్చీ వేసుకునే అలవాటునూ మన చర్చిలకు తెచ్చారు.

ఇంగ్లండు పల్లెల్లో 17వ శతాబ్దంలో ఓక్ చెక్కతో బరువైన కుర్చీలు చేసేవారు. మేకులు లేకుండా చెక్క చీలలతోనే బిగించేవారు. వీపు పలక మీద పూలు, తీగలు, ఒక్కోసారి యజమాని పేరులోని మొదటి అక్షరాలు, సంవత్సరం చెక్కేవారు. ఆ కుర్చీ సాధారణంగా ఇంటి పెద్దది. మిగతావారికి పీటలు, బల్లలే. మన తెలుగు నేల మీద ఓక్ పెరగదు. అందుకే ఇక్కడి వడ్రంగులు అలాంటి కుర్చీలను టేకుతో, రోజ్‌వుడ్‌తో చేశారు.

కథీడ్రల్ అనే మాట కూడా కుర్చీ నుండే పుట్టింది. గ్రీకులో కథెడ్రా అంటే ఆసనం. మెదక్ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. అప్పటికి ఆ మెథడిస్టు సంఘానికి బిషప్పు లేడు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక అది బిషప్పు ఆసనం ఉన్న కథీడ్రల్ అయింది. భవనం అదే, కుర్చీ వచ్చింది. ఆ కుర్చీ గొప్పతనానికి కాదు, మందను కాయడానికి.

ప్రియులారా, దొర గడి ముందు చెప్పులు చేతబట్టుకొని నిలబడిన తాతలు మనలో చాలామందికి ఉన్నారు. దొర ఎదురుగా మంచం మీద కూర్చునే హక్కు వారికి లేదు. అలాంటివారికి ప్రార్థనా మందిరంలో అందరితో పాటు ఒకే చాప మీద చోటు దొరకడం చిన్న మాట కాదు. అదే మందిరంలో మనం మళ్లీ డబ్బున్నవారికి ముందు కుర్చీ వేసి, కూలి చేసుకొని వచ్చిన అక్కను గుమ్మం దగ్గర నిలబెడితే ఎలా? యాకోబు పత్రిక 2వ అధ్యాయం మొదటి నాలుగు వచనాలు సరిగ్గా దీన్నే ఖండిస్తున్నాయి.

కాబట్టి వచ్చే ఆదివారం నుండి ముందు వరుస కుర్చీలు మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు, గర్భిణులకు ఉంచుదాం. ఎమ్మెల్యే గారు వచ్చినా, మన పక్కనే చాప మీద ప్రేమతో చోటిద్దాం.

ప్రభువు మనకు దీన మనస్సు దయచేయును గాక. ఆమేన్.