ముహూర్తాలకు అందని మల్లెలు
మాఘంలో కొరత.. వైశాఖంలో వెల్లువ

రేపల్లె: పెళ్లి ముహూర్తం పంచాంగం చూసి పెడతారు. పూలు మాత్రం తమ రుతువును బట్టే పూస్తాయి. ఈ రెండూ కలవని నెలలో పూలజడ, దండలు, మండపం అలంకరణ ఆడపెళ్లివారికి మోయలేని భారమవుతాయి.

ఈ తేడా మాఘమాసంలో బాగా కనిపిస్తుంది. సాధారణంగా జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా సాగే ఈ నెలలో ముహూర్తాలు ఎక్కువ, గుండుమల్లెలు తక్కువ. నవంబరు, డిసెంబరు నెలల్లో మల్లెతోటకు నీరు ఆపి, ఆకు రాల్చి, కొమ్మలు కత్తిరిస్తారు. తిరిగి చిగురు వేసి మొగ్గ తొడిగేసరికి ఫిబ్రవరి గడిచిపోతుంది. మార్చిలో మొదలైన పూత ఏప్రిల్, మే నెలల్లో విరివిగా ఉండి, వానలు పడ్డాక తగ్గుతుంది. అంటే చైత్ర, వైశాఖ మాసాల పెళ్లిళ్లకే మల్లె చవక.

రేపల్లె పరిసరాలు వరి మాగాణి. నీరు నిలిచే బరువు నేలలో మల్లె నిలవదు. అందువల్ల మంగళగిరి మండలంలోని పెదవడ్లపూడి, కృష్ణా ప్రాంతంలోని మైలవరం వంటి చోట్ల తోటలపైనా, విజయవాడ టోకు మార్కెట్‌పైనా ఆధారపడవలసి వస్తోంది. రవాణా ఖర్చుకు తోడు మొగ్గ విచ్చిపోతుందన్న భయం ఒకటి. తెల్లవారకముందే కోసిన మొగ్గలు ఆ సాయంత్రానికే విచ్చుకుంటాయి. రాత్రి ముహూర్తానికి ఇది వరమే. మధ్యాహ్నం కట్టిన జడ పీటల మీద కూర్చునే వేళకు పరిమళిస్తుంది. పగటి ముహూర్తమైతే అదే రోజు కోసిన పూలతో కట్టిన జడ మొగ్గలుగానే ఉండిపోతుంది. జడ కట్టేవారికి ముహూర్తం తేదీతో పాటు వేళ కూడా చెప్పాలి.

మాఘంలో మల్లెకు బదులు కాగడాలు వాడతారు. తెలుపు ఉంటుంది, వాసన అంతగా ఉండదు. చామంతి పగలు తగ్గి రాత్రి పెరిగితేనే మొగ్గ తొడిగే మొక్క కనుక కార్తీక, మార్గశిర మాసాల పెళ్లిళ్లకు సమృద్ధిగా దొరుకుతుంది. మిగతా రోజుల్లో చాలావరకు కర్ణాటకలోని కోలారు, చిక్కబళ్లాపురం వైపు నుంచి రావలసిందే. గులాబీల సంగతి వేరు. ఫిబ్రవరి 14న ప్రేమికుల రోజు తరచూ మాఘ ముహూర్తాల నడుమనే రావడంతో వాటి ధర అందనంత పైకి పోతుంది. శ్రావణానికి సన్నజాజులు, లిల్లీ పేరుతో అమ్మే నేలసంపెంగలు ఆదుకుంటాయి.

కనకాంబరం ఏడాది పొడవునా పూస్తుంది. అయినా చవక కాదు. బరువు లేని పువ్వు, కిలోకు సుమారు 15 వేలు తూగుతాయి. అన్నింటినీ చేత్తో కోయవలసిందే. కూలి ఖర్చు చూస్తే ఆ ధర న్యాయమే అనిపిస్తుంది.

కార్తీకంలో తుపాను భయం ఉంటుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల వద్దే తీరం దాటింది. అది కార్తీకమాసం. అటువంటి వానకు బంతి, చామంతి రేకులు కుళ్లిపోతాయి, నిలవకు పనికిరావు.

కొనేవారి కష్టం ఇదైతే, పండించేవారి కష్టం దీనికి తలకిందులు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యే నాటికి మల్లె పూతకొచ్చింది. పెళ్లిళ్లు ఆగిపోయాయి. మొగ్గ కోయకుంటే మర్నాటికి పనికిరాదు, కోస్తే కూలి మీద పడుతుంది. అధికమాసంలోనూ కొంతవరకు ఇదే పరిస్థితి. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం. ముహూర్తాలు లేని ఆ నెల సరిగ్గా మల్లెల కాలంలోనే పడింది.

ముహూర్తం మార్చలేని వారు పువ్వునైనా మార్చుకోవచ్చు. మాఘంలో జడకు కాగడాలు, కనకాంబరాలు, మరువం కలిపి కట్టించి, మల్లెలను వధువు తలలో రెండు మూరలకే పరిమితం చేస్తే ఖర్చు చాలా తగ్గుతుంది. మండపానికి ఆ నెలలో చామంతి, బంతి సరిపోతాయి. ముహూర్తాలు దగ్గరదగ్గరగా ఉన్న వారమైతే కనీసం పది రోజుల ముందే పూలవారికి బయానా ఇచ్చి, బరువు లెక్కనా మూర లెక్కనా అన్నది అప్పుడే తేల్చుకోవాలి.