ఊరి పేరు ఉంది, ఇంటిపేరు లేదు

మారిషస్‌లోని మోకాలో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ పందొమ్మిదో శతాబ్దపు వలస రిజిస్టర్లను భద్రపరిచింది. వాటిలో మనిషికి ఒక వరుస కేటాయించారు. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటి మీద మచ్చలు, ఊరు, జిల్లా రాశారు. 1860ల నుంచి ఫొటోలు కూడా తీయడం మొదలుపెట్టారు. మా పెద్దలది ఏ ఊరు అని అడిగే మారిషస్ తెలుగువాళ్లకు జవాబు దొరికితే అక్కడే దొరకాలి.

మారిషస్‌లో బానిసత్వం 1835లో రద్దయింది. చెరకు తోటల యజమానులు అంతకు ముందు నుంచే కూలీల కోసం భారతదేశం వైపు చూశారు. 1834 నుంచి 1920 దాకా దాదాపు అయిదు లక్షల మంది ఒప్పందాల మీద ఆ దీవికి చేరారు. కలకత్తా ఓడల్లో వచ్చినవాళ్లే ఎక్కువ. మద్రాసు రాజధాని నుంచి వచ్చినవాళ్లలో విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల తెలుగువాళ్లున్నారు. 1832-33 నాటి నందన కరువు గుంటూరు ప్రాంతాన్ని ఊడ్చేసింది. 1839లో తుఫాను కోరంగి రేవును ముంచింది. ఇలాంటి రోజుల్లో అయిదేళ్ల పని, నెలకు అయిదు రూపాయల జీతం, తిండిగింజలు అన్న మాట ఎంత బలంగా పనిచేసి ఉంటుందో ఊహించవచ్చు. ఒక్కరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోస్తారన్న సంగతి అక్కడికి వెళ్లాకగానీ చాలామందికి తెలిసి ఉండదు. పోర్ట్ లూయీ రేవులో వాళ్లు ఎక్కిన పదహారు మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆప్రవాసీ ఘాట్ అని పిలిచే ఆ చోటును 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఫ్రెంచిలో రాసే నవలాకారిణి నతాషా అప్పన్న పూర్వీకులు 1872లో ఇలాగే మారిషస్ చేరారు. వాళ్లది పతారెడ్డి-అప్పన్న కుటుంబం. 1973లో మారిషస్‌లో పుట్టిన ఆమె ఫ్రాన్సులో స్థిరపడ్డారు. 2003లో వచ్చిన ఆమె మొదటి నవల ఒప్పంద కూలీల కథే. ఇరవై ఏళ్ల తర్వాత, 2023లో, తన సొంత తాతముత్తాతల గురించి మరో పుస్తకం రాశారు. తెలుగు నేల విడిచి ఒకటిన్నర శతాబ్దం గడిచింది, భాష మారింది, ఖండం కూడా మారింది. అయినా ఆ ఇంటి ఊసు ఆమెను వదల్లేదు.

రిజిస్టరులో ఊరి పేరు దొరికితే పని అయిపోయినట్టు కాదు, అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. తెలుగు రాని గుమాస్తా తన చెవికి తోచినట్టు రాసుకున్నాడు. కొత్తవలస, అగ్రహారం లాంటి పేర్లున్న ఊళ్లు మనకు ఒకటి కాదు, ఎన్నో. జిల్లాలూ అప్పటివి కావు. నాటి విశాఖపట్నం జిల్లాలోని పల్లె ఇవాళ విజయనగరంలో ఉండవచ్చు, పార్వతీపురం మన్యంలో ఉండవచ్చు. గంజాం అని రాసి ఉంటే అది ఒడిశాలో ఉందో శ్రీకాకుళంలో ఉందో తేల్చుకోవాలి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఆ జిల్లాను రెండుగా చీల్చారు.

వీటన్నిటికన్నా పెద్ద లోటు ఇంటిపేరు. మన పల్లెల్లో ఒక కుటుంబాన్ని గుర్తుపట్టేది దానితోనే. రిజిస్టర్లు మాత్రం తండ్రి పేరు అడిగాయి. పోనుపోను ఆ తండ్రి పేర్లే వంశనామాలై స్థిరపడ్డాయి. అందుకే మారిషస్‌లో అప్పన్నలు, అప్పడులు, సన్యాసులు కుటుంబాలకు కుటుంబాలే కనిపిస్తాయి. ఊరు సరిగ్గా తెలుసుకుని వచ్చినా, ఇంటిపేరు చెప్పలేని మనిషికి రచ్చబండ దగ్గర కూర్చున్న పెద్దాయన ఏ ఇల్లని చూపిస్తాడు?

కాగితం వదిలేసిన జాడను దేవుడు కొంత మేర నిలబెట్టాడు. మారిషస్ తెలుగువాళ్లు నేటికీ సింహాద్రి అప్పన్నను కొలుస్తారు. అమ్మోరు పండగ చేస్తారు. వెలిగించిన దీపం చుట్టూ తిరుగుతూ తెల్లవార్లూ రామభజనం పాడతారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం. ఊరి పేరు పూర్తిగా మరిచిన కుటుంబంలో కూడా అప్పన్న పూజ ఉందంటే, వాళ్ల పెద్దల కాలిబాట సింహాచలం చుట్టుపక్కల నుంచే బయల్దేరిందని అనుకోవడానికి బలమైన ఆధారం ఉన్నట్టే.

2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము పోర్ట్ లూయీ వెళ్లినప్పుడు, భారత సంతతికి చెందిన ఏడో తరం మారిషస్ వాసులు కూడా ఓసీఐ (విదేశీ భారతీయ పౌరసత్వ) కార్డుకు అర్హులవుతారని ప్రకటించారు. మంచి నిర్ణయమే. కానీ కార్డు దేశాన్ని చూపిస్తుంది తప్ప ఇంటి గడపను చూపించదు. దానికి ఇక్కడివాళ్లు పూనుకోవాలి. పాత జిల్లాల్లోని ఏ పల్లె ఇవాళ ఏ మండలంలో ఉందో చూపే పట్టిక ఒకటి ప్రభుత్వం తయారుచేస్తే, వెతికేవాళ్ల పని సగం తేలికవుతుంది. మిగతా సగం ఉత్తరాంధ్ర, గోదావరి ఇళ్లలోని ముసలివాళ్ల నోట ఉంది. ఓడెక్కి వెళ్లి తిరిగిరాని ముత్తాత తమ్ముడి గురించి మీ ఇంట్లో ఎవరైనా చెబితే, అతని పేరు, తండ్రి పేరు, ఊరు రాసిపెట్టండి. ఇంటిపేరు మాత్రం మరవకండి.